ఫెట్ సిమ్యులేషన్లు: ఏం నేర్పగలవు, ఎక్కడ ఆగిపోతాయి

విజ్ఞానశాస్త్ర బోధన కోసం తయారయ్యే ఉపకరణాల్లో అధిక భాగం బోధించేవారి ఊహల నుంచి పుడతాయి. పాఠం చెబుతున్నప్పుడు దేన్ని బొమ్మగా చూపిస్తే బాగుంటుందనిపిస్తుందో దాన్ని తయారు చేయించి విద్యార్థుల ముందు ఉంచుతారు. వారు ఆసక్తిగా చూశారు కాబట్టి నేర్చుకున్నారని తీర్మానించుకుంటారు. ఇంటర్నెట్‌లో ఉచితంగా లభించే ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద మీటలు కదిపి, వస్తువులను కలిపి ప్రయోగం చేసి చూసుకునే కంప్యూటర్ నమూనాలు, ఈ కోవకు చెందవు. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిని ఎరిక్ కార్నెల్, వోల్ఫ్‌గాంగ్ కెటర్లీలతో కలిసి అందుకున్న మరుసటి సంవత్సరం, అంటే 2002లో, కార్ల్ వైమన్ కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో ఈ ప్రాజెక్టును ప్రారంభించారు. భౌతికశాస్త్రంతో మొదలైన ఈ సముదాయంలో ఇప్పుడు రసాయన, జీవ, భూ శాస్త్రాలవీ గణితానివీ కలిపి వందకు పైగా సిమ్యులేషన్లు ఉన్నాయి. అన్నింటినీ ఒకే సమీక్షలో తూకం వేయడం కుదరదు కాబట్టి, తరగతిలో తరచుగా అక్కరకు వచ్చే కొన్నింటినే తీసుకుంటున్నాను. విద్యార్థులు ఎక్కడ తడబడతారని పరిశోధన చెబుతున్నదో సరిగ్గా అక్కడ ఇవి పనిచేస్తున్నాయా అన్నదే నా కొలమానం.

ఆ తడబాటు ఎంత లోతైనదో భౌతికశాస్త్ర విద్యా పరిశోధకులు చాలాకాలం కిందటే తేల్చారు. డేవిడ్ హెస్టినీస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాక్‌హామర్ 1992లో ప్రచురించిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే పరీక్షలో లెక్కలు చేయవలసిన పని ఉండదు. బలం, చలనం గురించి మామూలు మాటల్లో అడిగే బహుళైచ్ఛిక ప్రశ్నలే ఉంటాయి. సూత్రాల్లో విలువలు ప్రతిక్షేపించి మంచి మార్కులు తెచ్చుకునే విద్యార్థులు కూడా ఈ ప్రశ్నల దగ్గర చతికిలబడతారు. రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సులకు చెందిన 6,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలను పోల్చి చూశారు. కోర్సు మొదట్లో తెలియనిదాంట్లో ఎంత భాగం చివరికి నేర్చుకున్నారన్నది ఆయన లెక్క. ఉపన్యాస పద్ధతిలో సాగిన కోర్సుల్లో ఆ భాగం సగటున 0.23గా, విద్యార్థులు ఆలోచించి, చర్చించి, వెంటనే తప్పొప్పులు తెలుసుకునే వీలున్న కోర్సుల్లో 0.48గా తేలింది. చెప్పినంత మాత్రాన భావన మారదని, విద్యార్థి తన ఊహను తానే పరీక్షించుకోవాలని ఈ తరం పరిశోధన గట్టిగా చెప్పింది. ఫెట్ పుట్టింది ఈ వాతావరణంలోనే.

ఈ సముదాయంలో నా దృష్టిలో అగ్రస్థానం సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్‌ది. తెర మీద బ్యాటరీలు, తీగలు, బల్బులు, నిరోధాలు, స్విచ్చులు, వోల్ట్‌మీటర్, అమ్మీటర్ ఉంటాయి. వాటిని లాగి, కలిపి, విడదీసి ఎలాంటి వలయాన్నయినా నిర్మించుకోవచ్చు. దీని విలువను అంచనా వేయడానికి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్, పీటర్ షాఫర్ వాడిన అయిదు బల్బుల ప్రశ్నను మించిన సాధనం లేదు. ఒకే రకం బ్యాటరీలు మూడు, ఒకే రకం బల్బులు అయిదు ఇస్తారు. ఒక బ్యాటరీకి ఒకే బల్బు, రెండో దానికి శ్రేణిలో రెండు బల్బులు, మూడో దానికి సమాంతరంగా రెండు బల్బులు కలిపి ఉంటాయి. అయిదింటినీ వెలుగు క్రమంలో అమర్చమని అడుగుతారు. బ్యాటరీలు ఆదర్శమైనవనుకుంటే, అంటే వాటికి తమ సొంత నిరోధం లేదనుకుంటే, ఒంటరి బల్బు, సమాంతరంగా ఉన్న రెండు బల్బులు సమానంగా వెలుగుతాయి, శ్రేణిలో ఉన్న రెండూ వాటికన్నా తక్కువగా, తమలో తాము సమానంగా వెలుగుతాయి. విశ్వవిద్యాలయ స్థాయి భౌతికశాస్త్రం చదివిన విద్యార్థుల్లో సైతం సుమారు 15 శాతం మందే ఈ క్రమాన్ని సరిగ్గా చెప్పగలిగారని 1992 నాటి వారి పరిశోధన తెలిపింది. బ్యాటరీ ఎప్పుడూ ఒకే పరిమాణంలో కరెంటు ఇస్తుందని, మొదటి బల్బు కొంత కరెంటును వాడేసుకుని మిగిలినదాన్నే రెండో దానికి పంపుతుందని విద్యార్థుల మనసులో పాతుకుపోయిన ఊహలే ఇందుకు కారణం.

ఈ మూడు వలయాలనూ కిట్‌లో నిర్మించి చూడండి. మొదట్లో బ్యాటరీ 9 వోల్టులుగా, బల్బు నిరోధం 10 ఓమ్‌లుగా అమర్చి ఉంటాయి. ఒంటరి బల్బు గుండా 0.9 ఆంపియర్లు ప్రవహిస్తాయి. బల్బుకు ఇటు ఒక అమ్మీటర్‌నూ అటు ఒక అమ్మీటర్‌నూ కలిపితే రెండూ అదే విలువను చూపుతాయి కాబట్టి, కరెంటు ఖర్చయిపోతుందన్న ఊహకు అక్కడికక్కడే ఎదురుదెబ్బ తగులుతుంది. శ్రేణిలో పెట్టిన రెండు బల్బుల గుండా 0.45 ఆంపియర్లే ప్రవహిస్తాయి, బ్యాటరీ మాత్రం అదే. సమాంతరంగా ఉన్న రెండు బల్బుల్లో ఒక్కొక్కదానికి 0.9 చొప్పున బ్యాటరీ నుంచి 1.8 ఆంపియర్లు వస్తాయి. బ్యాటరీ స్థిరంగా ఉంచేది కరెంటును కాదని, పొటెన్షియల్ తేడాను (వోల్టేజిని) అని చెప్పడానికి ఒక పేజీ వివరణ పట్టేచోట ఇక్కడ మూడు అంకెలు సరిపోతాయి. స్విచ్ వేయగానే తీగంతటా ఎలక్ట్రాన్లు ఒకేసారి కదలడం కనిపిస్తుంది కాబట్టి, బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు బల్బును చేరడానికి కొంత సమయం పడుతుందనే మరో పొరపాటు ఊహ కూడా ఇదే చోట బయటపడుతుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించిన అంశం దీని తర్వాత వస్తుంది. ల్యాబ్ విభాగంలో, తెర పక్కన ముడుచుకుని ఉండే అదనపు అమరికల్లో, బ్యాటరీ అంతర్నిరోధాన్ని (బ్యాటరీ లోపలే ఉండే నిరోధాన్ని) మార్చే మీట ఒకటి ఉంది. దాన్ని 5 ఓమ్‌లకు జరిపితే ఒంటరి బల్బులో కరెంటు 0.6 ఆంపియర్లకు తగ్గుతుంది, సమాంతరంగా ఉన్న బల్బుల్లో ఒక్కొక్కదానికి 0.45 మాత్రమే వస్తుంది. ఇప్పుడు ఒంటరి బల్బే ఎక్కువ వెలుగుతుంది. సమాంతరంగా ఉన్నవాటిలో ఒకదాన్ని తీసేస్తే రెండోది ప్రకాశవంతమవుతుంది. అంటే ఒంటరి బల్బే సమాంతరంగా ఉన్నవాటికన్నా ఎక్కువ వెలుగుతుందన్న, ఇంతకుముందు తప్పని తేల్చిన జవాబు, పరిస్థితి మారగానే కొంతవరకు ఒప్పవుతుంది. ‘సమాంతర సంధానంలో ఒక బల్బు తీసేసినా మిగతావాటికి తేడా రాదు’ అని కంఠస్థం చేసిన విద్యార్థికి, ఆ వాక్యం ఏ షరతు మీద నిలబడి ఉందో అప్పుడు తెలుస్తుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా సమాంతర సంధానాన్నీ అంతర్నిరోధాన్నీ వేర్వేరు అధ్యాయాల్లో పెట్టి, వాటి మధ్య సంబంధం వెతుక్కునే పనిని విద్యార్థికే వదిలేస్తాయి.

ఈ కిట్‌పై నోవా ఫింకెల్‌స్టీన్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన అధ్యయనం విస్తృతంగా చర్చకు వచ్చింది. ప్రాథమిక భౌతికశాస్త్ర కోర్సు ప్రయోగశాలలో ఒక వర్గం విద్యార్థులు నిజమైన తీగలు, బల్బులతో, మరొక వర్గం ఈ సిమ్యులేషన్‌తో వలయాలను అధ్యయనం చేశారు. భావనలను పరీక్షించే ప్రశ్నల్లో సిమ్యులేషన్ వాడినవారే ముందున్నారు. అది ఊహించదగినదే కావచ్చు. నిజమైన సామగ్రితో వలయాన్ని కట్టి, అది ఎలా పనిచేస్తుందో వివరించడంలో సైతం వారే మెరుగ్గా ఉండటం చాలామందిని ఆశ్చర్యపరచింది. నా అభిప్రాయంలో ఇందులో మాయ ఏమీ లేదు. తీగ తొడుగు ఎరుపా నలుపా అన్నది అప్రధానమని నిపుణుడికి తెలుసు, కొత్తగా నేర్చుకునేవాడికి తెలియదు. వదులైన క్లిప్పు, అరిగిపోయిన బ్యాటరీ, మాడిపోయిన ఫిలమెంటు అతని సమయాన్నీ శ్రద్ధనూ తినేస్తాయి. సిమ్యులేషన్ ఆ అనవసర వివరాలను తొలగించి, నిజ జీవితంలో కంటికి కనిపించని ఎలక్ట్రాన్ల కదలికను చూపిస్తుంది. అయితే ఆ అధ్యయనం ఒక అంశానికి, ఒక స్థాయి విద్యార్థులకు, జాగ్రత్తగా రూపొందించిన కార్యాచరణకు సంబంధించినది. ప్రయోగశాలలను మూసేసి కంప్యూటర్లు పెట్టమనడానికి దాన్ని ఆధారంగా చూపేవారు ఆ పత్రాన్ని శీర్షిక దాటి చదవలేదనే అనుకోవాలి.

ఇక రూపకల్పన సంగతి. ఫెట్ బృందం ప్రతి సిమ్యులేషన్‌నూ విద్యార్థులతో ముఖాముఖి జరిపి పరీక్షిస్తుంది. విద్యార్థి చేతికి దాన్ని ఇచ్చి, ఏం చేస్తున్నాడో, ఏమనుకుంటున్నాడో పైకి చెబుతూ ఆడుకొమ్మని, మౌనంగా గమనిస్తారు. ఎక్కడ తికమకపడ్డాడో, దేన్ని తప్పుగా అర్థం చేసుకున్నాడో చూసి మారుస్తారు. తెర మీద సూచనల పేరాలు ఎక్కడా కనిపించకపోవడం ఈ శ్రమ ఫలితమే. ఏ మీటను కదిపితే ఏం జరుగుతుందో కదిపి తెలుసుకోవలసిందే. బ్యాటరీ రెండు కొనలనూ నేరుగా తీగతో కలిపితే మంటలు లేస్తాయి. అది హెచ్చరికా అవుతుంది, ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు దారీ తీస్తుంది. తీగల మధ్య నాణేన్నో, పెన్సిల్‌నో, రబ్బరునో పెట్టి చూసే వీలుంది, పిల్లలు ముందు చేసేది అదే. చెప్పకుండానే దారి చూపించే ఈ నేర్పు చాలా వాణిజ్య ఉత్పత్తుల్లో కనిపించదు.

వెండీ ఆడమ్స్, ఆర్చీ పాల్సన్, వైమన్ ఇదే ముఖాముఖీల ఆధారంగా 2008లో తేల్చిన విషయం ఒకటి, ఈ ఉపకరణాన్ని వాడదలచిన ప్రతి ఉపాధ్యాయుడూ ముందుగా తెలుసుకోవలసినది. సూచనలు ఏవీ ఇవ్వకుండానో, ఒకటి రెండు విశాలమైన ప్రశ్నలు మాత్రమే ఇచ్చో వదిలితే విద్యార్థులు తమంతట తాము అన్వేషించారు. అంచెలంచెలుగా ఏం చేయాలో చెప్పే పత్రం ఇచ్చినప్పుడు, అడిగినంతవరకే చేసి, జవాబు రాసి ఆగిపోయారు. తెర మీద ఇంకా ఏముందో చూడాలన్న కుతూహలమే వారిలో కలగలేదు. ఫెట్ వెబ్‌సైట్‌లో ప్రపంచం నలుమూలల నుంచి ఉపాధ్యాయులు పంపిన కార్యాచరణ పత్రాలు ఉన్నాయి. వాటిలో చక్కనివీ ఉన్నాయి గాని, ‘మొదటి మీటను 3కి జరపండి, రీడింగ్ నమోదు చేయండి, 6కి జరపండి, మళ్లీ నమోదు చేయండి’ అంటూ సాగేవీ తక్కువేం కాదు. పరిశోధన ఏది వద్దన్నదో దాన్నే ఈ పత్రాలు చేస్తున్నాయి. సైట్ తన మార్గదర్శకాలకు సరిపోయిన పత్రాలకు బంగారు నక్షత్రం గుర్తు ఇస్తుంది. కొత్తవారు అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది, అయితే దాన్ని కూడా యథాతథంగా ముద్రించి పంచకుండా సగం ప్రశ్నలు కొట్టివేసి వాడితే ఇంకా బాగుంటుంది.

తెర మీద ఉపాధ్యాయుడు తానే నడిపి చూపించే పద్ధతి మరీ బలహీనమైనది. ముందుగా ఏం జరుగుతుందో ఊహించి రాయమని, పక్కవారితో వాదించుకొమ్మని, ఆ తర్వాతే మీట కదిపితే అదే ప్రదర్శన వేరే విలువ సంతరించుకుంటుంది. ఇలాంటి తరగతి గురించి విద్యార్థుల నుంచి వెంటనే మెప్పు ఆశించకూడదు. హార్వర్డ్‌లో లూయీ డెలోరియే బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తాముగా తలబద్దలు కొట్టుకుని నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ సాధించారు గాని, చక్కటి ఉపన్యాసం విన్నప్పటికన్నా తక్కువ నేర్చుకున్నామని భావించారు. కాబట్టి ‘పిల్లలకు నచ్చిందా’ అన్న ప్రశ్నతో ఇలాంటి ఉపకరణాన్ని అంచనా వేయడం రెండు వైపులా మోసపుచ్చుతుంది. బొమ్మలు కదిలాయని నచ్చవచ్చు, ఆలోచించవలసి వచ్చిందని నచ్చకపోవచ్చు.

మిగతావాటిలో ‘ఫోర్సెస్ అండ్ మోషన్: బేసిక్స్’ చిన్న తరగతులకు నిక్షేపంగా పనికివస్తుంది. ఘర్షణ లేని తలంపై వస్తువును కొంతసేపు నెట్టి వదిలేస్తే అది అదే వేగంతో సాగిపోతుంది. కదలిక కొనసాగాలంటే బలం కొనసాగాలన్న ఊహను ప్రశ్నించడానికి దీనికన్నా సూటి మార్గం లేదు, ఎందుకంటే ఘర్షణను నిజంగా సున్నా చేసి చూపడం ఏ ప్రయోగశాలకూ సులువు కాదు. ‘ఎనర్జీ స్కేట్ పార్క్’లో గతిశక్తి, స్థితిశక్తి, ఉష్ణశక్తి పట్టీలు స్కేటర్‌తో పాటు మారుతూ ఉండటం అందంగా ఉంటుంది. ఘర్షణ పెంచినప్పుడు పోయిందనుకున్న శక్తి ఉష్ణశక్తి పట్టీలో తేలడం ముఖ్యంగా గమనించదగినది.

‘నాచురల్ సెలెక్షన్’ దగ్గర మాత్రం నాకు గట్టి అభ్యంతరమే ఉంది. కుందేళ్ల గుంపుకు గోధుమరంగు బొచ్చు వంటి ఉత్పరివర్తనాన్ని (జన్యువులో వచ్చే మార్పును) చేర్చి, తోడేళ్లను వదిలి, తరాలు గడిచేకొద్దీ ఏ రంగువి మిగులుతాయో గ్రాఫులో చూడవచ్చు. ఏ అడ్డూ పెట్టకపోతే కుందేళ్లు భూమినే ఆక్రమించేశాయన్న సందేశం వస్తుంది. జనాభా పెరుగుదల గురించి అది మరపురాని పాఠమే. చిక్కు ఎక్కడంటే, ఉత్పరివర్తనాన్ని రప్పించేది విద్యార్థి నొక్కే బటన్. బహిర్గత లక్షణమా అంతర్గత లక్షణమా ఎంచుకోగానే తర్వాతి తరంలో ఆ ఉత్పరివర్తనం గుంపులోకి వచ్చేస్తుంది. ప్రకృతి వరణం బోధనలో అన్నిటికన్నా మొండిగా ఎదురయ్యే అపోహ, జీవికి అవసరమైనప్పుడు లక్షణం పుట్టుకొస్తుందన్నదే. తోడేళ్లను వదిలిన వెంటనే రంగు మార్పు కోసం బటన్ నొక్కే విద్యార్థికి ఈ అపోహ బలపడే ప్రమాదం ఉంది. ఉత్పరివర్తనాలు అవసరంతో నిమిత్తం లేకుండా యాదృచ్ఛికంగా వస్తాయని ఉపాధ్యాయుడు వేరుగా చెప్పక తప్పదు. తోడేళ్లు లేనప్పుడు కూడా ఉత్పరివర్తనాన్ని చేర్చి, ఏ రంగు కుందేలుకూ దానివల్ల లాభం లేకపోవడాన్ని మొదట చూపించడం ఒక ఉపాయం.

ఇలాంటి మినహాయింపులు సర్క్యూట్ కిట్‌కూ ఉన్నాయి. తెర మీద ఎలక్ట్రాన్లు చలాకీగా పరుగులు తీస్తాయి, నిజమైన రాగి తీగలో సాధారణ కరెంట్ల వద్ద వాటి డ్రిఫ్ట్ వేగం (తీగ వెంట సగటున ముందుకు జరిగే వేగం) సెకనుకు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే. కోట్లాది కోట్ల ఎలక్ట్రాన్ల స్థానంలో పదుల సంఖ్యలో నీలిబంతులు మాత్రమే ఉంటాయి. నమూనా ఎక్కడ వాస్తవాన్ని వదిలిపెట్టిందో చెప్పే సూచన విద్యార్థి చూసే తెర మీద ప్రముఖంగా కనిపించదు. ఉపాధ్యాయుల కోసం ఇచ్చే చిట్కాల్లో నమూనా సరళీకరణల ప్రస్తావన ఉంటుంది గాని, ఆ పత్రాన్ని తెరిచి చదివేవారు కొద్దిమందే. ఈ సిమ్యులేషన్ నమూనా మాత్రమేనన్న ఎరుకను విద్యార్థిలో కలిగించడం విజ్ఞానశాస్త్ర బోధనలో భాగమే కాబట్టి, దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయలేను.

దీనికన్నా పెద్ద పరిమితి కొలతలకు సంబంధించినది. తెర మీది అమ్మీటర్ ఎన్నిసార్లు చూసినా 0.90 అనే చూపుతుంది. నిజమైన మీటర్ 0.87 అనవచ్చు, తీగ కదిలితే 0.84 అనవచ్చు. ఆ తేడా పరికరానిదా, పద్ధతిదా, సిద్ధాంతానిదా అని తర్కించడంలోనే ప్రయోగశాస్త్రం ఉంది. నటాషా హోమ్స్, వైమన్ 2018లో రాసిన వ్యాసం ఇక్కడ ప్రస్తావించదగినది. తరగతిలో చెప్పిన సిద్ధాంతాన్ని బలపరచడానికే పెట్టిన ప్రయోగశాల కోర్సులు, ఆ సిద్ధాంతంపై పరీక్ష మార్కులను కొలవదగినంతగా పెంచలేదని వారు చూపారు. ప్రయోగశాల విలువ నిర్ణయాలు తీసుకోవడంలో, అనిశ్చితిని అంచనా వేయడంలో, పద్ధతిని మెరుగుపరచుకోవడంలో ఉందన్నది వారి వాదన. ఫెట్ వ్యవస్థాపకుడే ఈ మాట అనడం గమనార్హం. భావన కోసం సిమ్యులేషన్, ప్రయోగ నైపుణ్యం కోసం నిజమైన సామగ్రి అని పని విభజించుకుంటే రెండూ తమ తమ చోట్ల రాణిస్తాయి.

సాంకేతికంగా చెప్పుకోవలసినవి కొన్నే. తొలినాళ్లలో ఇవి జావాలోనూ ఫ్లాష్‌లోనూ తయారయ్యాయి. 2020 చివర ఫ్లాష్‌కు మద్దతు ఆగిపోవడానికి ముందు నుంచే వాటిని హెచ్‌టీఎంఎల్5 రూపంలోకి తిరగరాయడం మొదలైంది గాని, క్వాంటమ్ భౌతికశాస్త్రానికి చెందినవి వంటి పాత సిమ్యులేషన్ల విషయంలో ఆ పని చాలా ఆలస్యంగా సాగింది. కొత్త రూపంలో ఉన్న ప్రతి సిమ్యులేషన్ ఒకే ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది, ఆపై ఇంటర్నెట్ లేకుండానే మామూలు బ్రౌజర్లో తెరుచుకుంటుంది. ఫోనులోనూ నడుస్తాయి, కానీ సర్క్యూట్ కిట్ వంటివాటికి చిన్న తెర ఇరుకే. కొన్నింటిని కీబోర్డుతోనే నడపవచ్చు. ‘బెలూన్స్ అండ్ స్టాటిక్ ఎలక్ట్రిసిటీ’ వంటివాటిలో తెర మీద జరిగేదాన్ని స్క్రీన్ రీడర్ ద్వారా మాటల్లో వినే ఏర్పాటు కూడా ఉంది. చూపులేని విద్యార్థికి స్థిరవిద్యుత్తు పాఠంలో తోటివారితో సమానంగా పాల్గొనే అవకాశం ఇది. ఈ ఏర్పాటు అన్నింటికీ ఇంకా విస్తరించకపోవడం లోటే.

మొదటిసారి వాడబోయే ఉపాధ్యాయులకు సర్క్యూట్ కిట్‌నే సూచిస్తాను. పత్రం ఏదీ పంచవద్దు. అయిదు బల్బుల ప్రశ్నను నల్లబల్ల మీద గీసి, ప్రతి విద్యార్థి చేతా జవాబు రాయించి, ఆ తర్వాతే కంప్యూటర్లు తెరవనివ్వండి. తోచినట్టు కలిపి చూసుకోవడానికి మొదట్లో కొంతసేపు స్వేచ్ఛనివ్వండి, మంటలు లేపేవాళ్లను లేపనివ్వండి. అంతర్నిరోధం మీట సంగతి మాత్రం, సున్నా వద్ద వచ్చిన క్రమాన్ని అందరూ ఒప్పుకున్నాకే బయటపెట్టండి.